వదులు గరిటె

మా నానీ పీరాంబీ
కర్ర చేతికి రాగానే ముందు వాసన చూస్తుంది,
తర్వాత నాలుక కొసకి తాకిస్తుంది.
"చేదుంటే పక్కన పెట్టు బేటా,
మనిషి నోట్లోకి పొయ్యే చెట్టిది."

ఉదయగిరి దుర్గం కింద
మా అరుగు మీద ఎప్పుడూ ఆకురాయి చప్పుడు.
నేను నర్ది పొట్టులో పాకి
బిక్కి పొట్టులో నడక నేర్చినవాణ్ణి.

అప్పట్లో దస్తగిరి మామూ
తెల్లారి కొండెక్కితే
మధ్యాన్నం సంగటి వేళకి దిగొచ్చేవాడు,
భుజాన మోపు, తలగుడ్డ మూటలో పళ్ళు.
ఇప్పుడాయన కొడుకు జిలానీ
సీతారాంపురం బస్సెక్కి, దిగి, నడిచి,
రెండు రాత్రులు ఎక్కడో పడుకుని
చంకలో ఇమిడేంత కర్ర తెస్తాడు.

అడవి ఎంత దూరం జరిగిందో
మేం మైళ్ళలో చెప్పలేం.
ముందు పప్పు గరిటెలు చేసేవాళ్ళం.
తర్వాత అన్నం హస్తాలు.
తర్వాత చెంచాలు, దువ్వెనలు.
ఈ ఏడు చేస్తున్నది
పళ్ళు కుట్టుకునే పుల్లలు.

ఎవరు కొట్టారని అడగొద్దు.
లైట్లార్పుకుని వెళ్ళిన లారీలున్నాయి,
బొగ్గుబట్టీల పొగ ఉంది,
వరసగా నిలబెట్టిన జామాయిల్ ఉంది,
దాని మీద పిట్ట వాలదు.
పొయ్యి కోసం మోపు మోసిన
మా అమ్మ నడినెత్తి కూడా ఆ లెక్కలోదే.
మా అరుగు మీది పొట్టు కూడా.

మొన్నటేడు తుఫానుకి
కొండ మీద పడ్డ వానని ఆపే వేరు లేదు.
గుక్క గుక్కగా తాగడం మరిచిన కొండ
ఒక్కసారే కక్కేసింది.
ఎర్రనీళ్ళు మా గడప దాటి
పొట్టునీ, చెప్పుల్నీ, అరకోడినీ
అంటే సగం పెరిగిన మా కోడిపిల్లని
ఎత్తుకుపోయాయి.
మూడు గంటలు. అంతే.
మర్నాడు వాగులో
కాలిముద్ర పడేంత తడి లేదు.
కొండ మన్నంతా చెరువులో కూర్చుంది.
దాని మీద చిల్లకంప పచ్చగా మొలిస్తే
కొత్తగా వచ్చిన అయ్యవారొకాయన
"బాగుందే అడవి" అన్నాడు.

బోరు ఎనిమిదొందల అడుగుల్లో
రాతి కడుపు చీల్చి నీళ్ళు తెచ్చింది.
ఆ నీళ్ళు తాగిన మా వీధి పిల్లలు నవ్వితే
పళ్ళ మీద తుప్పు గీతలు.
ఆ పళ్ళ సందుల్లోకే
మా పుల్లలు అమ్ముతున్నాం.

వేసవిలో ఒక రాత్రి
ఎలుగుబంటి బస్టాండు దాకా వచ్చింది.
సోడా బండి కింద బక్కెట్లో
గ్లాసులు కడిగిన నీళ్ళు తాగి,
బక్కెట్ని నాకి,
కాసేపు అక్కడే కూర్చుంది,
ఆఖరి బస్సు తప్పిపోయినదానిలా.
జనం డబ్బాలు కొట్టారు.
నానీ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.
"దాని ఇల్లు మన వంటింట్లో ఉండాది," అంది.
ఆ పూట అన్నం కలిపిన చెయ్యి
కంచంలోనే ఉంచేసింది.

నెల్లూరు ఎగ్జిబిషన్‌లో మా స్టాలు మీద
"ప్లాస్టిక్ మానండి, చెట్టుని వాడండి" అని
ఎవరో బోర్డు కట్టారు.
నేను దాన్ని తిప్పి కట్టాను.
వెనక వైపు ఏమీ రాసి లేదు.

వంటింటి గోడకి ఒక పాత గరిటె ఉంది,
దస్తగిరి మామూ తెచ్చిన ముదురు నర్ది.
కాడకి చిల్లి, చిల్లిలో మేకు.
గాలిలో తడి చేరితే
ఆ కర్ర ఒంటికి తెలుస్తుంది.
వానకి ఒక రోజు ముందే ఉబ్బి
మేకుని బిగించి పట్టుకుంటుంది.
లాగితే రాదు.
రాకపోతే నానీ పొట్టంతా ఊడ్చి
లోపలికి చేర్చేది.
రేడియో తప్పింది గానీ
గరిటె తప్పలేదు.

చిత్తకార్తె అయిపోయింది. స్వాతి సగానికొచ్చింది.
రోజూ పొద్దున్నే,
టీ కూడా తాగకముందు,
నానీ వెళ్ళి దాన్ని లాగి చూస్తుంది.

ఇవాళ నన్ను లాగమంది.
తన చెయ్యి మీద నమ్మకం పోయిందేమో.

ముట్టుకున్నానో లేదో,
చేతిలోకి వచ్చేసింది.